రెండు సంచుల తుపాకీ

ముప్పయ్యొక్క ఏళ్ళు తుపాకుల లైసెన్సుల సెక్షన్లో గుమాస్తాగా పనిచేశాను. ఆఫీసులో నన్ను చాటుగా ‘చింతబరికె’ అనేవాళ్ళని నాకు తెలుసు. అనుకోనీ. తుపాకీ పట్టుకుని వచ్చేవాడితో మెత్తగా మాట్లాడితే వాడు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. కూర్చున్నవాడు కాసేపటికి రూలు పక్కన పెట్టమంటాడు. అందుకే నా బల్లకి అవతల కుర్చీ వేయించలేదు. వచ్చినవాళ్ళు నిలబడే మాట్లాడేవారు, నిలబడలేనివాళ్ళకి గోడ పక్కన బెంచీ ఉండేది.

తుపాకీ ఎవరికి కావాలి, ఎందుకు కావాలి అన్నది నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని ఒకప్పుడు అనుకునేదాన్ని. దొంగల భయమని కొందరు అడిగేవారు. పొలం మీద పడే అడవిపందులని కొందరు, దాయాదులతో తగాదా అని కొందరు. మా నాన్నకి ఉండేది కాబట్టి నాకూ ఉండాలని ఒకాయన రాసిచ్చాడు. వాళ్ళ నాన్నకి బట్టతల కూడా ఉండేది, అది అర్జీ పెట్టకుండానే వచ్చింది. దొంగల భయంతో తీసుకున్న తుపాకీ దొంగ మీద పేలినట్టు నా కాలంలో ఒక్క కాగితం కూడా నా బల్ల మీదికి రాలేదు. దొంగలే వచ్చి బీరువాలోని తుపాకీని ఎత్తుకుపోయారన్న ఫిర్యాదులు మాత్రం మూడు వచ్చాయి. అలాగని అడిగినవాళ్ళందరినీ వెర్రివాళ్ళనలేను. పిలిస్తే పలికే దూరంలో మనిషి లేనిచోట ఉండేవాడికి పోలీసులు వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అతనికి తుపాకీ వద్దని చెప్పడానికి నేనెవర్ని? ఉండాలా వద్దా అని ఎవరైనా వాదనకి దిగితే రెండు వైపులా నేనే మాట్లాడగలిగేదాన్ని. గన్‌మెన్ గారి సంగతి తెలిశాక ఆ వాదన మీద నాకు మోజు పోయింది.

గన్‌మెన్ గారు అన్నది ఊళ్ళో ఆయన్ని అందరూ పిలిచే పేరు. ధాన్యం గోదాము గేటు దగ్గర ఇరవై ఆరేళ్ళు కాపలా కాశారు. ఆ ఉద్యోగాల్లో ఒక వింత పద్ధతి ఉంది. సొంత తుపాకీ, దానికి లైసెన్సు ఉన్నవాణ్ణే పనిలోకి తీసుకుంటారు. నిజానికి వాళ్ళకి కావలసింది తుపాకీయే. దాన్ని మొయ్యడానికి కూడా ఒక మనిషి వస్తాడు, అంతే. ఆయన వయసులో ఉన్నప్పుడు ఎవరో వాడేసిన డబుల్ బ్యారెల్ తుపాకీ ఒకటి కొనుక్కుని, దాని వెంట ఆ గేటు దగ్గరికి చేరారు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా పేల్చవలసిన పని పడలేదు. “ఎలుకలక్కూడా నేనంటే లెక్కలేదమ్మా,” అని ఆయనే నవ్వుతూ చెప్పేవారు. కానీ లారీ డ్రైవర్లు ఆయనకి సలాం కొట్టేవారు. వీధిలో ఇద్దరు కొట్టుకుంటుంటే గన్‌మెన్ గారు వస్తున్నారంటే చాలు, సర్దుకునేవారు. ఆయన తుపాకీ లేకుండా, చేతిలో కూరల సంచితో వస్తున్నా సరే.

తరవాత గోదాము వాళ్ళు స్తంభం స్తంభానికీ కెమెరాలు బిగించారు. రేపటినుంచి రావద్దని గేటు దగ్గరే చెప్పేశారు. ఆయనకి అప్పటికే అరవై దాటాయి. పిల్లలు లేరు. ఇంట్లో ఆయనా, కుట్టుపని చేసే ఆయన భార్యా.

తుపాకీ లైసెన్సుని మూడేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. పెద్ద తతంగమేమీ కాదు. తుపాకీ తెచ్చి బల్ల మీద పెడితే దాని మీద చెక్కిన నంబరూ లైసెన్సు పుస్తకంలోని నంబరూ ఒకటేనా అని చూసి ముద్ర వేస్తాను. ఎవరైనా దాన్ని ఒకే పొడుగాటి సంచిలో తెస్తారు. ఉద్యోగం పోయాక మొదటిసారి రెన్యువల్‌కి వచ్చినప్పుడు గన్‌మెన్ గారు భార్యని వెంటబెట్టుకుని వచ్చారు, తుపాకీ రెండు సంచుల్లో వచ్చింది. ఆయన భుజాన ఉన్న సంచిలో గొట్టాలు మాత్రం ఉన్నాయి. రెండో సగం, అంటే భుజానికి ఆనించుకునే కొయ్యా ట్రిగ్గరూ ఉన్న భాగం, ఆవిడ చేతిలోని గుడ్డసంచిలోంచి వచ్చింది. మిగిలిపోయిన పూలగుడ్డ ముక్కలు జోడించి ఆవిడే కుట్టుకున్న సంచి అది. ఆయన రెండు సగాలనూ నా బల్ల మీదే బిగించారు. నేను నంబర్లు చూసుకుని ముద్ర వేశాను. వెంటనే మళ్ళీ విప్పారు. గొట్టాలు ఆయన సంచిలోకి, కొయ్య ఆవిడ సంచిలోకి వెళ్ళిపోయాయి. ఇంత జరిగినా ఇద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు.

నాకు నవ్వాగలేదు. “ఏమ్మా, కాపురమంతా ఇలాగే చెరిసగం పంచుకున్నారా?” అన్నాను. అటెండరు పకపకా నవ్వాడు. ఆయన కూడా నవ్వినట్టు మొహం పెట్టారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆయన పక్క బల్ల దగ్గర సంతకం పెడుతున్నప్పుడు ఆవిడ నా వైపు వంగి మెల్లగా అడిగారు.

“ఈ సగం మీ దగ్గర ఉంచుకునే వీలుంటుందామ్మా?”

“సగం తుపాకీకి రసీదివ్వడానికి మా దగ్గర పుస్తకం లేదమ్మా. ఇస్తే మొత్తం ఇవ్వండి. లేదంటే మొత్తం పట్టుకెళ్ళండి,” అన్నాను.

ఆవిడ ఇంకేదో చెప్పబోయి, ఆయన వస్తుంటే ఆగిపోయారు. నేను తరవాతి పేరు పిలిచాను. ఆ మాట మూడేళ్ళ పాటు నాకు మళ్ళీ గుర్తు కూడా రాలేదు.

మూడేళ్ళ తరవాత ఒక సోమవారం ఆయన ఒక్కరే వచ్చారు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, కానీ కాలరు దగ్గర ఒక గుండీ ఊడిపోయి దాని బదులు పిన్నీసు పెట్టి ఉంది. భుజాన ఉన్న సంచి దించి గొట్టాలు బల్ల మీద పెట్టారు.

“మిగతాదేది?” అన్నాను.

“మా ఆవిడ దగ్గరుందమ్మా.”

“ఆవిడేరి?”

“పోయింది. నాలుగు నెలలైంది.”

అయ్యో అన్నాను. అనడం అన్నాను గానీ చేతిలో కలం ఆగలేదు. లైసెన్సు నెలాఖరుతో అయిపోతోంది. సగం కనిపించకపోతే తుపాకీ కనిపించనట్టే. కనిపించని తుపాకీ అంటే పోలీసు కేసు. ఆ ముక్కే ఆయనకి వినిపించాను.

“ఆవిడ ఎక్కడ పెట్టిందో నాకు చెప్పలేదమ్మా. నేనూ అడగలేదు.”

“ఇల్లంతా వెతకండి. ఆడవాళ్ళు దాచింది కళ్ళెదురుగా ఉన్నా మగవాళ్ళకి కనపడదు. పెట్టెలూ అరలూ అన్నీ తీసి చూడండి.”

“దొరికితే?” అన్నారు.

“దొరికితే ఏముంది? తెచ్చి బిగించి చూపించండి. ముద్ర వేసిస్తాను. మొత్తం పట్టుకుని దర్జాగా ఇంటికెళ్ళిపోవచ్చు.”

“మొత్తమా?”

“మొత్తమే,” అన్నాను. ఆయన సరేనని తల ఊపి, గొట్టాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

శుక్రవారం మళ్ళీ వచ్చారు. దొరకలేదన్నారు. ఇంకో వారం గడువిచ్చాను. గడువు తీసుకున్నవాడు సాధారణంగా అరక్షణం ఆగడు, నేను మనసు మార్చుకుంటానేమోనని భయం. ఈయన వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు. పదకొండున్నరకి కూర్చున్నవారు భోజనాల వేళకి కూడా అక్కడే ఉన్నారు. నాకు చిరాకేసింది. ఏమైనా పనుందా అని అడిగాను. పనేం లేదన్నారు. తరవాత ఆయనే మొదలుపెట్టారు.

“ఇల్లంతా తీశానమ్మా. నలభై ఏళ్ళున్న ఇల్లు, నాకు సగం తెలీదు. కుట్టడానికి జనం ఇచ్చిన గుడ్డలు ఇంకా పద్దెనిమిది మూటలున్నాయి. ఎవరివో చీటీల మీద రాసి పెట్టింది. రోజుకి రెండు మూటలు పట్టుకెళ్ళి ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తున్నాను. కూర్చోండి గన్‌మెన్ గారూ అంటారు. కూర్చుంటున్నాను.”

“మంచిదేగా,” అన్నాను.

“మిషను సొరుగులో కొలతల చీటీలున్నాయి. అందులో నావీ ఉన్నాయి. ఏటా చొక్కా కుట్టేముందు కొలిచేది కదా, అన్నీ తారీకు వేసి దాచింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు నా ఛాతీ నలభై రెండు. మానేసిన ఏడాది నలభై. ఆ మరుసటేడు ముప్పై ఎనిమిదిన్నర. నేను అలా తగ్గిపోతుంటే ఆవిడ టేపుతో చూస్తూనే ఉంది. ఒక్కసారైనా చిక్కిపోయారేంటి అనలేదు. అందుకే నా చొక్కాలన్నీ నాకు ఎప్పుడూ సరిపోయేవి.”

నేను ఫైలు తిరగేశాను. నాకు జనాన్ని కసరడం వచ్చినంత సులువుగా ఓదార్చడం రాదు. ఆయన మరికాసేపు కూర్చుని, లేచి, వస్తానమ్మా అని వెళ్ళారు.

తరవాత మంగళవారం ఒక నడివయసు ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చింది. గన్‌మెన్ గారి వీధి మలుపులో గుండీలూ దారాలూ అమ్మే షాపు తనదని చెప్పింది. చేతిలో ఆ పూలగుడ్డ సంచి ఉంది. చూడగానే గుర్తుపట్టాను.

“ఇది మీ దగ్గరికెలా వచ్చింది?” నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

“అక్క ఆస్పత్రికి వెళ్ళే ముందు నా చేతిలో పెట్టింది మేడం. తూటాల పెట్టె కూడా ఇందులోనే ఉంది. ఆయనొచ్చి అడుగుతారు, ఎంత అడిగినా ఇవ్వకు అంది. పోయిన సోమవారం వచ్చారు. నా దగ్గరేముంటుంది అన్నయ్యా అన్నాను. సరేనమ్మా అని వెళ్ళిపోయారు, రెండోసారి అడగనైనా అడగలేదు. ఇది దొరక్కపోతే మీరు ఆయన మీద కేసు పెడతారని వీధిలో అనుకుంటున్నారు. ఆయన్ని జైల్లో పెడతారా మేడం? ఇవ్వాలా, వద్దా, నాకేం తోచట్లేదు. మింగలేక కక్కలేక చస్తున్నాను.”

“ఎందుకు ఇవ్వొద్దంది?”

ఆమె అటెండరు వైపు చూసింది. నేను అతన్ని టీ తెమ్మని పంపించాను. అప్పుడు చెప్పింది.

“ఉద్యోగం పోయిన ఏడాది. అక్క కుట్టిన బట్టలిచ్చి మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి తలుపు దగ్గరగా వేసుందట. లోపల ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఒళ్ళో తుపాకీ. ఏంటండీ అంటే శుభ్రం చేస్తున్నానన్నారు. ఆయన ఎప్పుడూ నెలలో మొదటి ఆదివారం చేస్తారు. ఆ రోజు బుధవారం. నూనె లేదు, గుడ్డా లేదు. ఆయన మొహం చూసి అక్కకి అర్థమైపోయింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుందట. సాయంత్రం దాకా అలాగే కూర్చుందట. మర్నాడు ఈ సగం విప్పి తీసేసుకుంది. ఆయన ఏదని అడగలేదు. అక్క చెప్పలేదు. అక్క పోయేదాకా ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.”

“అలాంటప్పుడు మొత్తం తీసుకొచ్చి ఇచ్చేయొచ్చుగా?”

“నేనూ అదే అన్నాను మేడం. అది కూడా పోతే ఆయన గన్‌మెన్ కాకుండా పోతారే, ఇప్పటికే ఏమీ కాకుండా పోయారు అంది. సగమైతే ఆయనకి ఆయనా మిగులుతారు, నాకూ మిగులుతారు అంది.”

ఆవిడ మూడేళ్ళ కిందట నా బల్ల మీదికి వంగి అడిగింది ఇందుకా? నేను దానికి రసీదు పుస్తకం లేదని చెప్పి, తరవాతి పేరు పిలిచాను. పైగా కాపురం మీద జోకొకటి వేశాను. అది చాలదన్నట్టు, ఆవిడ ఇన్నేళ్ళు ప్రాణంగా దాచిన దాన్ని ఇల్లంతా తవ్వి వెతకమని ఆయన్ని పంపింది కూడా నేనే. దొరికితే మొత్తం చేతిలో పెట్టి పంపిస్తానన్నదీ నేనే. కేసు అని బెదిరించి మరీ.

గుండీల షాపామె మీద నిజానికి అప్పటికప్పుడు ఫిర్యాదు రాయాలి. లైసెన్సు లేని మనిషి తుపాకీ భాగం దగ్గర ఉంచుకోవడం నేరం. “ఇది మీ దగ్గర ఉంటే తప్పని తెలుసా?” అన్నాను. “తెలీదు మేడం, అక్క పెట్టమంది, పెట్టాను,” అంది. సంచి తీసుకుని నా బీరువాలో పెట్టి తాళం వేశాను. రసీదు లేకుండా, రిజిస్టరులో ఎక్కించకుండా. అలాంటి పని సర్వీసులో అదే మొదటిసారి.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి గన్‌మెన్ గారింటికి వెళ్ళాను. లైసెన్సుదారుడి ఇంటికి వెళ్ళడం కూడా అదే మొదలు. సైకిళ్ళు బాగుచేసే షాపు మీద రెండు గదులు. ఇనప మెట్లు ఎక్కి వెళ్ళాలి. తలుపు దగ్గరగా వేసుంటే ఏం చెయ్యాలా అని దారంతా ఆలోచిస్తూ వచ్చాను. తలుపు బార్లా తీసి ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

లోపల నేలంతా డబ్బాలూ, దారపు ఉండలూ, కాగితం మీద కత్తిరించిన నమూనాలూ వరసగా పరిచి ఉన్నాయి. వెతికిన ఇల్లులా లేదు. ఒక్కో డబ్బా మూత తీసి, చూసి, తుడిచి, మళ్ళీ దాని పక్కనే పెట్టినట్టుంది. కుట్టుమిషను మీద దుమ్ము లేదు. ఎదురుగోడకి గొట్టాల సంచి వేలాడుతోంది. ఆయన నేల మీద కూర్చుని గుండీలు రంగుల వారీగా వేరు చేస్తున్నారు. నన్ను చూసి గాభరాగా లేచి కుర్చీ తుడిచారు.

“మీరొచ్చారేంటమ్మా? కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా.”

“దొరికిందా?” అన్నాను. అంత దూరం వచ్చి అదే అడిగాను, ఇంకేమీ నోటికి రాక.

“ఇంకా లేదమ్మా.”

“గుండీల షాపామె నిన్న నా దగ్గరికొచ్చింది.”

ఆయన చేతిలోని గుండీలు డబ్బాలో పోసి మూత పెట్టారు. “అయితే అది మీ దగ్గర ఉందన్నమాట,” అన్నారు నెమ్మదిగా.

“అంటే మీకు ముందే తెలుసా?”

“మీరు వెతకమన్న రోజే తెలిసింది. మా ఆవిడకి నేను కాకుండా ఉన్నది ఆ అమ్మాయొక్కతే. వెళ్ళి అడిగాను. ఆమెకి అబద్ధం చేతకాదు. నా దగ్గర లేదంటూనే పై అర వంక చూసింది. సంచి కనిపిస్తూనే ఉంది.”

“మరెందుకు తీసుకోలేదు? పది రోజులుగా ఈ ఇల్లంతా ఎందుకు తవ్వుతున్నారు?” నాకు కోపం వచ్చింది. భయపడితే నాకు కోపమే వస్తుంది.

కిందనించి ఎవరో సైకిలు గంట రిపేరు చేసి కొట్టి చూస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

“దొరికితే మొత్తం నా చేతికిచ్చి ఇంటికి పంపిస్తానన్నారు కదమ్మా,” అన్నారు. “నాకది వద్దు. ఆ రోజు సంగతి ఆ అమ్మాయి మీకు చెప్పే ఉంటుంది. ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు. చెయ్యకపోదునేమో అని అనుకుంటూ ఉంటాను. ఆవిడొచ్చి పక్కన కూర్చుంది, అందుకని ఆ సంగతి తేలకుండానే పోయింది. ఇప్పుడెవరొస్తారు?”

“వద్దని నాతో చెప్పొచ్చుగా?”

“వద్దంటే ఎందుకొద్దో చెప్పాలి కదా. ఇరవై ఆరేళ్ళు దొంగలొస్తారని కాపలా కాసినవాణ్ణి. ఇప్పుడు నేనంటేనే నాకు భయంగా ఉందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకే వెతుకుతున్నాను. వెతుకుతున్నంతసేపూ అది దొరకనట్టే కదా. ఆవిడ వస్తువులూ చూసుకోవచ్చు.”

కంచే చేను మేస్తే అని సామెత చెబుతాం. తాను మేస్తానేమోనని కంచే ముందుగా భయపడిపోతుంటే ఏమనాలో మనకి సామెత లేదు. నేను కుర్చీలో కూర్చున్నాను. మళ్ళీ అలాంటి ఆలోచన వస్తోందా అని అడిగాను. అలా సూటిగా అడగవచ్చో లేదో నాకు తెలియదు, నాకు సూటిగా తప్ప అడగడం రాదు. అప్పుడప్పుడూ వచ్చేదని, ఈ పది రోజులూ రాలేదని చెప్పారు. మూటలు పంచే పని ఉంది కదా అన్నారు. వస్తే గుండీల షాపుకి వెళ్ళి కూర్చోమన్నాను. డాక్టరు దగ్గరికి ఆమెనే తోడు తీసుకెళ్ళమన్నాను. ఆయన ఊఁ అన్నారు.

“నాకు చెప్పారుగా, చాలు. నేను ఎవరికీ చెప్పను,” అన్నాను. “రేపు పదిన్నరకి గొట్టాలు పట్టుకుని రండి. ఒక్కరే రావద్దు. ఆ అమ్మాయిని తోడు తెచ్చుకోండి.”

ఆ మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్ళలేదు. అక్కడే కూర్చుని ఆయనతో పాటు గుండీలు వేరు చేశాను. నీలంవీ నల్లవీ ఆయన కలిపేస్తున్నారు, కళ్ళజోడు మార్చుకోమని కసిరాను.

గురువారం ఇద్దరూ వచ్చారు. బీరువా తాళం తీసి పూలగుడ్డ సంచి బల్ల మీద పెట్టాను. ఆయన రెండు సగాలనూ బిగించారు. చేతులు ఎంత అలవాటుగా కదిలాయంటే చూస్తున్న మాకే బాధేసింది. నేను నంబరు చూశాను. తుపాకీని ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేస్తున్నట్టు రాసే కాగితం ఆయన ముందు పెట్టాను. అందులో కారణం రాయాలి. ‘వయసు మీద పడింది అని రాయండి చాలు’ అని చెప్పబోయాను. ఆయన అప్పటికే రాయడం మొదలుపెట్టారు. ఒక్కో అక్షరం గీసినట్టుగా, నిదానంగా రాశారు.

‘ఇంట్లో ఒక్కణ్ణే ఉంటున్నాను.’

ఈ మాటే రాసి తుపాకీ ఇప్పించమన్న అర్జీలు నా బీరువా నిండా ఉన్నాయి. ఇదే మాట రాసి వద్దన్న కాగితం నా సర్వీసులో అదొక్కటే.

సంతకానికి తీసుకెళితే ఆఫీసరు చదివి కళ్ళెత్తారు. “ఇదేం కారణమండీ? ఒంటరిగా ఉంటే తుపాకీ కావాలంటారు గానీ.”

“ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే మీరే చెప్పండి సార్, రాయిస్తాను,” అన్నాను. ఆయన నన్నొకసారి చూసి సంతకం పెట్టారు. చింతబరికెతో ఎందుకు అనుకుని ఉంటారు.

నేను తిరిగి వచ్చేసరికి గుండీల షాపామె వెళ్ళిపోయింది, షాపు తెరిచే వేళైందట. వెళ్ళేముందు సాయంత్రం రమ్మని ఆయనకి మరీమరీ చెప్పిందట. ఆయన ఒక్కరే నా బల్ల ముందు నిలబడి ఉన్నారు. చేతుల్లో ఏమీ లేదు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి వెనక్కి కట్టుకున్నారు, ఒకసారి జేబుల్లో పెట్టుకున్నారు. లైసెన్సు పుస్తకం మీద ‘రద్దు’ అని ముద్ర వేశాను. ఆయన దాన్ని చూస్తూ, ప్రతిసారీ అడిగినట్టే అడిగారు.

“మళ్ళీ ఎప్పుడు రావాలమ్మా?”

“ఇంక రావక్కర్లేదండీ. లైసెన్సు లేదుగా,” అన్నాను, చేతిలో కాగితం చూసుకుంటూ.

మాట వినపడక తల ఎత్తాను. ఆయన సరేనన్నట్టు తల ఊపుతున్నారు, ఊపుతూనే ఉన్నారు, కదలడం లేదు. అన్నాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు.

“ఆగండి,” అన్నాను. “తుపాకీ అప్పజెప్పినట్టు రసీదు ఇవ్వాలి కదా. అది ఇంకా తయారవలేదు. సోమవారం పదకొండింటికి రండి.”

ఆఫీసరు సంతకంతో సహా ఆ రసీదు నా చేతిలోనే ఉంది. ఆయన దాని వంక చూశారు. తరవాత నా మొహం వంక చూశారు.

“సరేనమ్మా. సోమవారం వస్తాను,” అన్నారు.